బిలాల ఫొటోకు పౌర్ణమి పనికిరాదు

సంపాదకుడికి,

పున్నమి వస్తోందంటే చాలు, పత్రికల్లోనూ బడుల్లోనూ టెలిస్కోపుల హడావిడి మొదలవుతుంది. చంద్రబిలాల ఫొటోకు అంత పనికిరాని వెన్నెల రాత్రి మరొకటి లేదు. ఆ రోజు ఎండ మన వైపు నుంచే పడుతుంది కాబట్టి అక్కడ నీడలు కనిపించవు. నీడ లేనిదే గుంట లోతు తెలియదు. 85 కిలోమీటర్ల వెడల్పున్న టైకో బిలం సైతం తెల్లచారల నడుమ మచ్చలా మిగులుతుంది.

తీయాల్సింది శుక్ల పంచమి నుంచి దశమి దాకా, వెలుగూ చీకటీ కలిసే అంచున. పంచమి, షష్ఠికి థియోఫిలస్. అష్టమికి టాలెమీయస్, ఆల్ఫాన్సస్, ఆర్జాకెల్ ఒకే వరసలో. నవమి, దశమికి క్లేవియస్, కోపర్నికస్. కోపర్నికస్ లోపలిగోడలు మెట్లు మెట్లుగా దిగడం చూసి తీరాలి.

మన డెల్టాకు మాఘ, ఫాల్గుణాలు మంచి అదను. అష్టమి చంద్రుడు పొద్దుగూకే వేళకు దాదాపు నడినెత్తినే ఉంటాడు, కొబ్బరిచెట్లు అడ్డురావు. డాబా మీద మాత్రం వద్దు. పగలు కాగిన శ్లాబు రాత్రి చాలాసేపు వేడి వదులుతూ బొమ్మను అల్లల్లాడిస్తుంది. గడ్డినేల మేలు. అద్దం బయటిగాలికి చల్లారడానికి ముప్పావుగంట ముందే టెలిస్కోపు బయట పెట్టాలి. ఇక్కడి తేమకు ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) మీద మంచు పడితే గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో, దూరం నుంచి చూపిస్తే చాలు. తర్వాత తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలతో పెట్టెలో దాచకపోతే బూజు పట్టి కటకం పాడవుతుంది.

1200 మి.మీ. నాభ్యంతరమున్న ఆరంగుళాల డాబ్సోనియన్ రకం టెలిస్కోపుకు 25 మి.మీ. ఐపీస్ పెడితే 48 రెట్లు, చంద్రుడంతా పడతాడు. బిలాలకు 10 మి.మీ. పెట్టండి, 120 రెట్లు. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా హోల్డర్‌తో ఐపీస్‌కు బిగించి, మూడు సెకన్ల టైమర్ పెట్టాలి. కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేస్తే ఫోన్ చుట్టూ ఉన్న నలుపును లెక్కలోకి తీసుకుని చంద్రుణ్ణి తెల్లగా మాడ్చేస్తుంది. తెరపై బిలం మీద వేలు నొక్కి ఫోకస్ లాక్ చేసి, బాగా వెలుగున్న చోట కూడా వివరం కనిపించేదాకా వెలుతురు తగ్గించండి. ఫొటో కన్నా నిమిషం వీడియో నయం. గాలి కదలికకు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోటే స్పష్టంగా ఉంటుంది. ఉచితంగా దొరికే ఆటోస్టాకర్ట్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో మేలైన 10-20 శాతం ఫ్రేములే కలిపితే బొమ్మ తేరుకుంటుంది.

మీరు రోజూ వేసే తిథి పక్కనే, ఆ సాయంత్రం వెలుగు అంచున ఉండే బిలం పేరు కూడా వేయండి. బడుల్లో ఆకాశవీక్షణం పెట్టే మాస్టార్లు తేదీ ఖాయం చేసుకునేది ఆ మూల చూసే.

- ఒక పాఠకుడు, అమలాపురం