ఉప్పు నీళ్లలోనూ భాస్వరం చూపించే మీటర్లు: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేలలో గుచ్చగానే నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెలు చూపించే మూడు సూదుల మీటర్ల గురించి ఇప్పటికి మూడు వినతిపత్రాలు ఇచ్చాం. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఈ మీటర్లను కొని, వాటి అంకెలనుబట్టి రైతులకు ఎరువుల సలహాలిచ్చే పథకం తమకు తెలిసిందే కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాం.

దయచేసి ఒక్క పని చేయించండి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో అర చెంచా అయోడిన్ కలపని ఉప్పు వేసి, సూదులు ముంచమనండి. ఆ నీళ్లలో నత్రజని లేదు, భాస్వరం లేదు. అయినా మూడు అంకెలూ లేస్తాయి. ఇంకో అర చెంచా వేస్తే మూడూ కలిసే పెరుగుతాయి. పొలంలో పదిచోట్ల గుచ్చి భాస్వరం అంకెను నత్రజని అంకెతో భాగించి చూడండి. ప్రతిచోటా దాదాపు ఒకే నిష్పత్తి వస్తే, అవి మూడు కొలతలు కావు. నేల విద్యుత్ వాహకతను, అంటే అందులోని ఉప్పులు, తేమ వల్ల కరెంటు ఎంత పారుతుందో ఒక్కసారి కొలిచి, దాన్నే మూడు స్థిర సంఖ్యలతో హెచ్చించి చూపిస్తున్నారన్నమాట.

అసలు భాస్వరం సూదికి అందేది కాదు. సున్నపు నేలల్లో కాల్షియాన్ని, ఆమ్ల నేలల్లో ఇనుము, అల్యూమినియంలను పట్టుకుని కూర్చుంటుంది. నేల తేమలో కరిగి ఉండేది సాధారణంగా లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అందుకే ప్రయోగశాలలో భాస్వరాన్ని కొలిచే ఓల్సెన్ పద్ధతిలో ఒక వంతు మట్టికి ఇరవై వంతుల సోడియం బైకార్బొనేట్ ద్రావణం (0.5 మోలార్, పీహెచ్ 8.5) పోసి, అరగంట కుదిపి, వడగట్టి, మాలిబ్డేట్ అనే రసాయనంతో వచ్చే నీలిరంగును కొలుస్తారు. ఇంత చేస్తేగాని తేలనిదాన్ని ఉక్కు సూది పది సెకన్లలో ఎలా చెబుతుంది?

వాహకతైనా నిలకడగా ఉండదు. తడి పెట్టిన మర్నాడు పెరుగుతుంది, నేల ఆరితే పడిపోతుంది. ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 2 శాతం మారుతుంది కాబట్టి పొద్దున తీసిన అంకె మధ్యాహ్నానికి ఉండదు. సూది పక్కన రాయి అడ్డొచ్చి గాలి చొరబడితే అంకె సగానికి సగం తగ్గినా ఆశ్చర్యం లేదు. అన్నిటికంటే బాధ చవుడు నేలలది. ఉప్పువల్ల అంకె ఎక్కువగా వస్తుంది, నత్రజని సరిపడా ఉందని సలహా ఇస్తారు. పైరు పసుపు తిరిగాక కదా తప్పు తెలిసేది! తేలిక ఇసుక నేలలో అంకె తక్కువగా వస్తుంది కాబట్టి ఇందుకు తలకిందుల సలహా, అక్కర్లేని ఎరువు ఖర్చు.

పొలంలోనే కొలవాలంటే నత్రజని రూపమైన నైట్రేట్‌కు అయాన్ ఎలక్ట్రోడ్లు (ప్రధానంగా నైట్రేట్‌కే స్పందించి వోల్టేజీ చూపే కడ్డీలు) ఉన్నాయి. కానీ మట్టిని ద్రావణంలో కలిపి వడగట్టాలి. రోజూ రెండు ప్రామాణిక ద్రావణాలతో సరిచూడాలి. నైట్రేట్ గాఢతలో పదిరెట్ల తేడాకు వోల్టేజీ 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టుల దరిదాపుల్లో మారాలి, ఆ మార్పు బాగా తగ్గితే ఎలక్ట్రోడ్ కొననుండే పొర మార్చాలి. క్లోరైడ్ ఎక్కువున్నచోట అదీ తప్పు చెబుతుంది. ఆ ద్రావణాలు, పొరలు సరఫరా చేయకుండా పెట్టె ఒక్కటే ఇస్తే ఏడాదిలో అటకెక్కుతుంది.

సూదుల మీటర్లను చవుడు గుర్తించడానికి వాడుకోనివ్వండి, వాటిమీద ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్) అన్న అక్షరాలు తీయించండి. వాటి అంకెలతో ఇచ్చిన ఎరువుల సలహాలు వెనక్కి తీసుకోండి. కొనేముందు ఉప్పునీటి పరీక్ష, ప్రయోగశాల ఫలితాలతో పోలిక తప్పనిసరి చేయండి. వచ్చే దుక్కి ఎరువు వేయకముందే ఉత్తర్వు ఇవ్వండి, వేశాక ఇస్తే రైతుకు ఈ ఏడూ పోయినట్టే.

ఇట్లు,
భూసార పరీక్షలు చేసే క్షేత్ర సిబ్బంది