మెట్లు అవే, కార్డు వేరు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో మీరు వేసిన కీబోర్డు పాఠం చూశాను. కార్డు అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాల గుంపు గదా, అందులో మేజర్ సిక్స్త్ కార్డును ఒక్క వాక్యంతో సాగనంపారు. సి సిక్స్త్, ఏ మైనర్ సెవెన్త్ రెండింటిలోనూ అవే స్వరాలు కాబట్టి ఒకటి నేర్చుకుంటే చాలట. అవే స్వరాలన్నది నిజమే. ఆ ‘చాలు’తోనే నాకు పేచీ.

కడప చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా హార్మోనియం, ఆ తర్వాత కీబోర్డు వాయిస్తున్నాను. మా నాయన పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. 1885లో సురభి నాటకాలు మొదలైంది మా జిల్లాలోనే గదా, ఆ గాలి మా ఇంటికీ తగిలింది. నాయనకు కార్డు అన్న మాటే తెలీదు. మోహన రాగంలో పద్యం ఎత్తుకుంటే మాత్రం స, గ, ప పట్టి, చిటికెన వేలు ధ మీదికి జార్చేవాడు. మేజర్ సిక్స్త్ అంటే అదే. సి మెట్టును స చేసుకునే ఒకటో శ్రుతిలో సి, ఇ, జి, ఏ, నాలుగూ తెల్ల మెట్లే. దానికి రి కూడా కలిపితే మోహనం మొత్తం చేతికిందికి వచ్చేస్తుంది, దాన్ని సిక్స్ నైన్ అంటారు.

ధ మాత్రం చతుశ్రుతి ధైవతమే కావాలి. స వదిలి నల్లవీ తెల్లవీ కలిపి లెక్కపెడితే తొమ్మిదో మెట్టు. నా దగ్గరికొచ్చే పిల్లలు మైనర్ సిక్స్త్ అనగానే గతో పాటు ధను కూడా తగ్గించేస్తారు. తగ్గేది గ ఒక్కటే, ధ కదలదు.

ఇక అసలు సంగతి. ప్రొద్దుటూరులో ఒక పెళ్లి. పెళ్లికూతురు మండపంలోకి వస్తోంది, నేను కుడిచేత్తో స గ ప ధ పట్టి ఉన్నాను. బేస్ గిటారు పిల్లోడి కాగితంలో ఏ మైనర్ సెవెన్త్ అని ఉంది, వాడు అడుగున ధ మీద కూర్చున్నాడు. నా వేళ్లు కదల్లేదు, పాట మాత్రం దిగులు పడింది. మేనమామ గబగబా వచ్చి, “ఏం సామీ, అప్పగింతల పాట ఇప్పుడే ఎత్తుకున్నారే?” అన్నాడు. పిల్లోడికి సైగ చేసి స మీదికి తెప్పించేసరికి నాకు చెమటలు పట్టాయి.

ఇది మనకు కొత్తేమీ కాదు, గ్రహభేదమే, అంటే స చోటు మార్చి అవే మెట్ల మీద ఇంకో రాగం పలికించడం. మోహనంలో ధను షడ్జం, అంటే స, చేసుకుంటే శుద్ధ ధన్యాసి రాగం వస్తుంది. మెట్లు అవే అయిదు. అంతమాత్రాన రెండూ ఒకే రాగమంటే ఏ భజన మందిరంలోనైనా ఊరుకుంటారా? కార్డుల విషయమూ అంతే. అడుగున స ఉంటే ధ పైనుంచి తీపి కలుపుతుంది. ధ అడుక్కి దిగితే అదే ఆధారమై, స దానికి సాధారణ గాంధారం, అంటే మైనర్‌లో తగ్గే గ అవుతుంది, ప కైశికి నిషాదం, అంటే తగ్గిన ని అవుతుంది. ఎడమచెయ్యి స మీద నిలబడి ఉంటే కుడిచేతిలో ఆ నాలుగింటినీ ఏ వరుసలో పట్టినా పెద్ద ఇబ్బంది లేదు.

కాబట్టి వచ్చే వారం పటంలో కుడిచేతి వేళ్లతో పాటు ఎడమచెయ్యి ఎక్కడుండాలో కూడా చుక్క పెట్టి చూపించండి. అట్లే పేపరు మడతపడే చోట పటం వేయొద్దు. పోయిన వారం ధ కాస్తా మడతలోకే పోయింది.

ఇట్లు,
ఒక హార్మోనియం వాయిద్యకారుడు,
కడప