రోమ్ వెళ్తే పాత అప్పియా రోడ్డు కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో ఇటలీ టూర్ గురించి చదివాను, కొలోసియం, వాటికన్ అన్నీ రాశారు గానీ పాతకాలం రోమ్‌లోని గొప్పింటి ఆవిడ సిసీలియా మెటెల్లా సమాధి ఊసే లేదు, అందుకే ఈ ఉత్తరం. కిందటేడు మా అమ్మాయి వాళ్ళతో వెళ్ళినప్పుడు రోమన్ల కాలం నాటి పాత అప్పియా రోడ్డు మీద దాన్ని చూశాం. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దం నాటిది, 11 మీటర్ల ఎత్తు, దాదాపు 30 మీటర్ల వెడల్పు ఉన్న గుండ్రటి రాతి కట్టడం. పలక మీద ఆవిడ పేరు, క్రీట్‌ని జయించిన తండ్రి పేరు, భర్త క్రాసస్ పేరు, అంతే. ఇంత పెద్ద సమాధి కట్టి ఆవిడ గురించి ఇంకొక్క ముక్క రాయలేదే అని నాకు చాలా బాధేసింది.

1300 దాటాక పోప్ 8వ బోనిఫేస్ బంధువులు కయెటానీలు పక్కనే కోట కట్టి ఈ సమాధినే బురుజుగా వాడుకున్నారు, రోడ్డు కోట మధ్యలోంచే పోతుంది కాబట్టి వచ్చేపోయే వాళ్ళ దగ్గర సుంకం వసూలు చేసేవాళ్ళట. పైన పిట్ట తోకలా చీలిన కోటగోడ అంచు దిమ్మెలు వాళ్ళు కట్టినవే, వాటి కింద పాత పాలరాతి పట్టీలో పూలదండలు, ఎద్దు పుర్రెలు ఇంకా చక్కగా కనిపిస్తాయి, ఆ పుర్రెల వల్లే ఆ చోటుకి ఎద్దు తల అనే పేరొచ్చింది. లోపలికెళ్ళి తలెత్తితే పైన గుండ్రంగా ఆకాశం. కింద భాగంలో మాత్రం పైరాయంతా ఊడబీక్కుపోయారు, లోపలి కాంక్రీటు బయటపడి ఉంది.

రోడ్డుకి అవతల అదే కోటలోని చర్చి, పైకప్పు లేదు, అది కూడా చూడండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, విజయవాడ