మా గేగుల్ని గేగులనే రాయండి, మంత్రి గారూ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

విజయనగరం నుంచి నమస్కారాలు. పోయినేడాది సిరిమానోత్సవానికి హైదరాబాద్ నుంచి మా మరదలి కుటుంబం వచ్చింది. పైడితల్లి అమ్మవారి దర్శనం, కోట, గంటస్తంభం అన్నీ చూశారు. బయల్దేరే ముందు "ఇక్కడి స్పెషల్ ఏంటి బావగారూ, పిల్లలకి పట్టుకెళ్తాం" అని అడిగింది. స్వీట్ షాపుకి తీసుకెళ్తే కాజూ కట్లీ, మైసూర్ పాక్, రసగుల్లా. చివరికి ఆత్రేయపురం పూతరేకులు కొనిచ్చి పంపాను. విజయనగరం గుర్తుగా గోదావరి మిఠాయి! ఆ సిగ్గుతోనే, మా వైపు తిండికి మా పేర్లతోనే గుర్తింపు ఇప్పించమని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పూతరేకుల మీద నాకు కోపం లేదు. బందరు లడ్డుకి 2017లో, పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందంటే అక్కడివాళ్లు సంఘంగా కూడి దరఖాస్తు పెట్టుకున్నారు. మా వైపు చేసేవాళ్లున్నారు, వాళ్ల వెనక నిలబడేవాళ్లే తక్కువ.

భీమాలి తాండ్ర సంగతే చూడండి. ఎల్.కోట మండలంలో ఉంది ఆ ఊరు. మామిడి రసం తీసి, పంచదారో బెల్లమో కలిపి, చాపల మీద పల్చగా పూసి ఎండకి పెడతారు. ఆరాక దాని మీద ఇంకో పూత. అలా పొర మీద పొర వేసుకుంటూ పోతే మందం రావడానికి రోజులకి రోజులు పడుతుంది. మధ్యలో ఒక్క వాన కురిసిందా, అంతవరకూ పడ్డ కష్టం పాడే. మే నెలలో మబ్బు పట్టిందంటే ఆ ఇళ్లలో ఉండే టెన్షన్ పరీక్ష రాసే పిల్లలకి కూడా ఉండదు.

ఇక చోడి అంబలి. చోళ్లంటే రాగులే. రాత్రి పులియబెట్టిన పిండిని నూకతో ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుంటూ తాగితే ఎండాకాలం పొలం పని మధ్యాహ్నం దాకా ఆగదు. ఇప్పుడు హోటళ్లు దాన్ని 'రాగి మాల్ట్' అంటున్నాయి. పేరు మారగానే ధర కూడా మారింది, అది వేరే సంగతి.

తేగల్ని మేం గేగులంటాం. తాటి టెంకల్ని పాతరేసి, మొలకలొచ్చాక తవ్వి, కుండలో పెట్టి కాలుస్తారు. చలికాలం రోడ్డు పక్కన కట్టలు కట్టి అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. తాటిపండు గుజ్జుతో రొట్టె చేసే ఇళ్లు ఇప్పుడు మా వీధిలో రెండే మిగిలాయి.

శ్రీకాకుళం వైపు వెళ్తే ఉద్దానం. పలాస జీడిపప్పు అందరికీ తెలుసు. కానీ జీడి కాయలు పచ్చిగా ఉండగానే కోసి, ఆ పప్పుతో వండే కూర ఎంతమంది తిన్నారు? పైతొక్కలోని జీడికి చేతులు పొక్కుతాయి, అందుకే ఒలిచేవాళ్లు దొరకరు. కవిటి, సోంపేట వైపు పనస తోటలు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర లేకపోతే అది పెళ్లి భోజనమే కాదనేది మా అమ్మమ్మ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని పడగొట్టినప్పుడు పోయింది కొబ్బరి, జీడి రైతుల ఆదాయమే కాదు, కొన్ని ఇళ్లలో వంట కూడా.

నేను అడిగేది బెలూన్లు కట్టిన ఫుడ్ ఫెస్టివల్ కాదు. రైల్వే వాళ్లు 2022లో స్టేషన్లలో స్థానిక సరుకు అమ్ముకోవడానికి 'ఒక స్టేషన్ - ఒక ఉత్పత్తి' పెట్టినట్టు మా రెండు జిల్లాల ఆర్టీసీ బస్టాండుల్లో ఈ అమ్మేవాళ్లకి నీడ, నీళ్లు, ఒక బల్ల ఇప్పించండి. తాండ్ర చేసేవాళ్లకి వాన తగలకుండా ఆరబెట్టే షెడ్లు, సంఘంగా దరఖాస్తు పెట్టుకోవడానికి సాయం కావాలి. పర్యాటక శాఖ హోటళ్ల మెనూలో ఏ కాలానికి ఆ వంట పెట్టండి. పేరు మాత్రం మా పేరే రాయండి: చోడి అంబలి, గేగులు.

మీరు ఇటు వస్తే సంక్రాంతి ముందు రండి. గేగులు కాల్చే వాసన రోడ్డు మీదికే వస్తుంది. తాండ్ర కావాలంటే మాత్రం మే దాకా ఆగాలి.

ఇట్లు,
విజయనగరం వాసి