ఫ్యూజు పీకడానికే నోటీసు కావాలి, పథకం ఆపడానికి అక్కర్లేదా?

సంపాదకుడి గారికి,

నమస్కారం. నేను విద్యుత్ శాఖ రెవెన్యూ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన ఉద్యోగిని. ప్రభుత్వ సేవలన్నీ ఫోన్‌లోకి వచ్చేస్తున్నాయని ఈమధ్య మీ పత్రికలో తరచుగా చదువుతున్నాను. మంచిదే. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లో పెట్టినప్పుడు సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను. సర్టిఫికెట్ కోసం ఆఫీసు మెట్లెక్కే పని తగ్గితే ఎవరికి చేదు? నా బాధ సర్టిఫికెట్ల గురించి కాదు. ఎవరికి పథకం వస్తుంది, ఎవరికి ఆగిపోతుంది అన్నది కంప్యూటర్ తేల్చేస్తున్న తీరు గురించి.

బిల్లు కట్టని ఇంటికి కరెంటు ఆపాలన్నా మాకో పద్ధతి ఉండేది. విద్యుత్ చట్టం-2003లోని 56వ సెక్షన్ ప్రకారం కనీసం 15 పూర్తి రోజుల గడువిచ్చి, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు బిల్లు మీదే అచ్చయి వస్తే చాలామంది చదవరు, అది వేరే సంగతి. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. బిల్లు తప్పని వాదించే వినియోగదారుడు చట్టం చెప్పిన మొత్తాన్ని అభ్యంతరం తెలుపుతూ కట్టేస్తే, ఆ తగాదా తేలేదాకా కరెంటు తీయకూడదు. డబ్బు ఎగ్గొట్టాడని అనుమానం ఉన్నవాడికే చట్టం అంత మర్యాద ఇచ్చింది. ఏ బకాయీ లేని పేదింటికి పథకం ఆపేటప్పుడు ఆ పాటి మర్యాద ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్‌లో పథకాలకు అర్హత తేల్చే ఆరంచెల పరిశీలన గురించి తెలియని ఇల్లు లేదు. నెలకు సగటున 300 యూనిట్లు దాటి కరెంటు వాడినా, సొంత కారున్నా, మూడెకరాలకు మించి మాగాణి ఉన్నా, ఇంట్లో ఎవరైనా ఆదాయపన్ను కట్టినా అర్హత పోతుంది. రూల్స్‌ను నేను తప్పుపట్టడం లేదు. ఉన్నవాళ్లకు వద్దు, లేనివాళ్లకు ఇవ్వండి అంటే ఎవరు కాదంటారు? కానీ ఈ రూల్స్‌కు జవాబు చెప్పేది మనిషి కాదు, వేర్వేరు శాఖల రికార్డులు. ఆ రికార్డుల్లో ఒకటి మాది. దాని సంగతి నాకు బాగా తెలుసు కాబట్టే ఈ ఉత్తరం.

కరెంటు మీటరు రికార్డు ఉన్నది బిల్లు వసూలు కోసం. ఆ మీటరు కింద ఎవరు బతుకుతున్నారో చెప్పడం దాని పని కాదు. ఎప్పుడో చనిపోయిన తాత పేరు మీదే సర్వీసు నడుస్తుంటుంది. అన్నదమ్ములు వేరుపడినా మీటరు ఒకటే ఉంటుంది. మూడు పోర్షన్ల ఇంటికి ఒకే సర్వీసు ఉండి, అద్దెవాళ్లు బిల్లు పంచుకుంటుంటారు. బిల్లు కడితే చాలు కాబట్టి శాఖకు వీటితో పేచీ లేదు. అలాంటి సర్వీసు నంబర్లకు ఆధార్ నంబర్లు కలిపారు. టార్గెట్ పెట్టి చేయించే పనుల్లో ఏమవుతుందో ప్రభుత్వోద్యోగం చేసిన ఎవరికైనా తెలుసు. ఆ పూట తలుపు తీసింది ఎవరైతే వారి ఆధారే ఎక్కుతుంది.

మా వీధిలో ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటూ మిషన్ కుట్టుకునే ఒక అమ్మాయికి అదే జరిగింది. రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, కుట్టు మిషన్‌ మోటారు ఉన్న గదిలో ఉంటుంది. ఆమెకు రావలసిన ఒక పథకం డబ్బు ఆగిపోయింది. అడిగితే ‘కరెంటు దగ్గర ఫెయిల్ అయింది’ అన్నారు. ఆమె తన బిల్లులు పట్టుకెళ్లి చూపించింది. నెలకు 80, 90 యూనిట్లు. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు మంచివాడే, బిల్లులు చూశాడు, జాలిపడ్డాడు. “ఏం చేయనక్కా, సైట్‌లో అలా చూపిస్తోంది, మా లాగిన్‌లో మార్చే ఆప్షన్ లేదు” అన్నాడు. ఏ సర్వీసు నంబరు వల్ల ఆగిందో ఆమెకిచ్చిన సమాచారంలో లేదు. ‘బాబాయ్ గారూ, మీ డిపార్ట్‌మెంటే కదా’ అని వస్తే నేనూ వెంట వెళ్లాను. తెలిసిన వాళ్లను బతిమాలితే నంబరు బయటపడింది. అది ఆమె అంతకుముందు అద్దెకున్న ఇంటి ఓనర్‌ది. రెండంతస్తుల ఇల్లు, ఏసీలు ఉన్నాయి. ఆధార్ కోసం వచ్చిన రోజు కింద పోర్షన్‌లో ఈ అమ్మాయే ఉంది.

ఇక అక్కడి నుంచి తిరుగుడు మొదలు. ఆ సర్వీసు ఆమెది కాదని విద్యుత్ ఆఫీసు నుంచి కాగితం తేవాలి. దానికి ఓనర్ సంతకం కావాలన్నారు. ఓనర్ తన ఆధార్ ఇస్తే తన పథకాలకు ఎక్కడ ఎసరొస్తుందోనని టెన్షన్ పడ్డాడు. అన్నీ అయ్యాక గ్రీవెన్స్ పెడితే ‘వచ్చే విడతలో చూస్తారు’ అన్నారు. పోయిన విడత డబ్బు సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఒక్కో తిరుగుడుకీ ఆమెకు ఒక పూట కుట్టు కూలి పోయింది. నాలాంటి వాడు వెంట లేనివాళ్లు ఏం చేస్తారు? రెండుసార్లు తిరిగి, మన రాత ఇంతే అని ఊరుకుంటారు. రికార్డుల్లో మాత్రం అభ్యంతరం రాలేదు కాబట్టి అనర్హత సరైనదే అని మిగిలిపోతుంది.

ఇది మన ఒక్క రాష్ట్రం సమస్య కాదు. తెలంగాణలో శాఖల డేటాబేస్‌లన్నీ కలిపి చూసే ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. పేర్లు, చిరునామాలు పోల్చి, ఫలానా రేషన్ కార్డుదారుకు కారుంది, ఇల్లుంది అని తేలుస్తుంది. మన ఊళ్లలో ఒకే పేరున్న వాళ్లు ఎంతమందో మనకు తెలుసు. ఒకరి కారు ఇంకొకరి ఖాతాలో పడి, రిక్షా తొక్కుకునే ఇంటికి కార్డు లేకుండా పోయిన ఉదంతం కోర్టు దాకా వెళ్లింది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల్ని ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ జూలై నాటికి 2,05,734 దరఖాస్తులు పరిశీలిస్తే అందులో 15,471 మంది అర్హులని తేలింది.

నూటికి తొంభై రెండు కరెక్టే కదా, ఇంకేం కావాలి అనేవాళ్లున్నారు. నిజమే, బోగస్ కార్డులు బోలెడు ఉండేవి, అవి పోవాల్సిందే. కానీ మా శాఖలో నూటికి ఏడెనిమిది ఇళ్లకు పొరపాటున ఫ్యూజు పీకి, మిగతావి కరెక్టే కదా అంటే సాయంత్రానికి సబ్‌స్టేషన్ ముందు ధర్నా జరిగేది. రేషన్ ఆగిన ఇల్లు ధర్నా చేయదు, ఎవరి ముందు చేయాలో దానికి తెలియదు.

డబ్బున్న దేశాల్లోనూ ఇదే తంతు. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని ఒక పద్ధతి పెట్టారు. ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు సమానంగా పంచి, సాయం ఎక్కువ తీసుకున్నారు, తిరిగి కట్టండి అని జనానికి నోటీసులు పంపారు. నాలుగు నెలలు పని దొరికి, ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నవాడి బతుకు సగటులో ఎలా కనబడుతుంది? కాదంటే పాత జీతం స్లిప్పులు తెచ్చి నువ్వే నిరూపించుకోమన్నారు. చివరికి 2020 మేలో 4,70,000 అప్పులకు సంబంధించి 72.1 కోట్ల డాలర్లు వెనక్కి ఇస్తామని ప్రభుత్వమే ఒప్పుకుంది. అది న్యాయమూ కాదు, చట్టబద్ధమూ కాదని 2023 జూలైలో రాయల్ కమిషన్ తేల్చింది. వాళ్లు నోటీసైనా పంపారు. అయినా అంత అన్యాయం జరిగింది, ఎందుకంటే నిరూపించే బరువంతా జనం నెత్తిన పెట్టారు.

అందుకే ఉత్త నోటీసు చాలదు. పింఛన్ల విషయంలో మన దగ్గర నోటీసులిచ్చిన సందర్భాలు లేకపోలేదు, అంటే ఇవ్వడం సాధ్యమే. ఆ కాగితంలో ఏ సర్వీసు నంబరు, ఏ బండి నంబరు, ఏ సర్వే నంబరు వల్ల ఆగుతోందో తెలుగులో రాయాలి. 56వ సెక్షన్ లాగే 15 రోజులు గడువివ్వాలి, లబ్ధిదారు అభ్యంతరం చెబితే అది తేలేదాకా సాయం ఆపకూడదు. తప్పు శాఖదని తేలితే ఆగిన విడతలన్నీ కలిపి ఇవ్వాలి. గ్రామ, వార్డు సచివాలయంలో ఉన్న ఎవరో ఒక ఉద్యోగికి, ఇంటికెళ్లి చూసి, కారణం రాసి, తాత్కాలికంగానైనా సైట్‌లో అనర్హులని చూపే ఆ గుర్తు తీసే అధికారం ఉండాలి. దుర్వినియోగం అవుతుందంటారేమో. అతని పేరు, సంతకం రికార్డులో ఉంటాయి, తనిఖీ చేసుకోవచ్చు. కంప్యూటర్‌ను ఎవరు సస్పెండ్ చేస్తారు?

రాష్ట్రమంతటికీ ఇది వెంటనే కుదరకపోతే ముందు కరెంటు అంచెతో మొదలుపెట్టండి. విద్యుత్ శాఖ దగ్గర సర్వీసు నంబర్లున్నాయి, సంక్షేమ శాఖ దగ్గర ఆగిపోయిన వాళ్ల జాబితా ఉంది. రెండూ కలిపి, అద్దె ఇళ్లు, చనిపోయిన వాళ్ల పేరు మీదున్న సర్వీసులు విడదీయమని ఒక జీవో ఇస్తే చాలు. మీటరు రీడింగ్ తీసేవాళ్లు ఎలాగూ నెలనెలా ప్రతి గుమ్మానికీ వెళ్తున్నారు. ఆ మీటరు కింద ఎవరుంటున్నారో ఒక నెల వాళ్లనే అడిగి రాసుకోమనండి. ఇంటికింత అని అదనంగా ఇవ్వండి, టార్గెట్ మాత్రం పెట్టకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి,
గుంటూరు జిల్లా