లాగ్ డిస్క్‌కి క్యాష్ పెట్టకురా

ఒరేయ్ శీనూ,

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో ఉన్న వీఎమ్ (వర్చువల్ మెషీన్)లో మీ ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ నత్తనడక నడుస్తోందని, డిస్కులన్నిటికీ హోస్ట్ క్యాషింగ్ (డేటా కాపీని దగ్గర్లో దాచి వేగం పెంచే సెట్టింగ్) రీడ్/రైట్ పెట్టేస్తే పోలా అని అడిగావు. వద్దురా. లాగ్ ఫైల్ (డేటాబేస్ ప్రతి మార్పునీ ముందు రాసుకునే ఫైల్) ఉన్న డిస్క్‌కైతే అసలు పెట్టకు.

ఆ క్యాష్ ఉండేది నీ డిస్క్‌లో కాదు. వీఎమ్ ఏ సర్వర్ మీద నడుస్తోందో దాని సొంత ఎస్‌ఎస్‌డీలో. రీడ్ ఓన్లీ పెడితే రాసింది అసలు డిస్క్‌కి చేరాకే పని అయిందంటుంది, చదివేటప్పుడు మాత్రం దగ్గరున్న కాపీ ఇస్తుంది. రీడ్/రైట్‌లో ముందు క్యాష్‌లో రాసేసి, డిస్క్‌కి తీరిగ్గా పంపుతుంది. ఈలోగా ఆ సర్వర్ పడిపోయిందా, కమిట్ (ఖరారు) అయిందనుకున్న లావాదేవీ గల్లంతే. అందుకే డేటా ఫైళ్ళ డిస్క్‌కి రీడ్ ఓన్లీ, లాగ్ డిస్క్‌కి None, అంటే క్యాష్ లేకుండా. లాగ్‌లో రాతే ఎక్కువ, చదివేది తక్కువ, క్యాష్ పెట్టినా ఒరిగేదేం లేదు. ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న డిస్క్ రీడ్/రైట్‌తోనే వస్తుంది, దాని జోలికి పోకు.

ఉదాహరణకి డీ8ఎస్ వీ3 అనే వీఎమ్ సైజు చూడు. క్యాష్ ఉన్న డిస్కులన్నిటికీ కలిపి 16,000 ఐఓపీఎస్ (సెకనుకి ఎన్ని రీడ్‌లు, రైట్‌లు చేయగలదో ఆ లెక్క), సెకనుకి 128 ఎంబీ. క్యాష్ లేనివాటికి 12,800, కానీ 192 ఎంబీ. పీ30 అనే ప్రీమియం ఎస్‌ఎస్‌డీ డిస్క్ ఒంటరిగా ఇచ్చేది 5,000 ఐఓపీఎస్. క్యాష్‌లో దొరికిన రీడ్ ఆ 5,000లో లెక్కకి రాదు. కాబట్టి ఇండెక్స్ పట్టుకుని చిన్నచిన్న రీడ్‌లు చేసే డేటాబేస్‌కి ఇది పండగే. అదే రాత్రంతా పెద్ద టేబుళ్ళని మొదట్నుంచి చివరిదాకా చదివే రిపోర్టులైతే ఆ 128 దగ్గర ఇరుక్కుని, క్యాష్ పెట్టాక ఇంకా మెల్లగా నడవచ్చు! పైగా ఆ సైజుకి క్యాష్ 200 జీబీయే. రోజూ తిరిగి తిరిగి చదివే డేటా అందులో పట్టాలి.

మార్చేటప్పుడు జాగ్రత్త. సెట్టింగ్ మారగానే అజూర్ ఆ డిస్క్‌ని ఊడదీసి మళ్ళీ తగిలిస్తుంది. ఓఎస్ డిస్క్ అయితే వీఎమ్ మొత్తం రీస్టార్ట్ అవుతుంది. డేటాబేస్ నడుస్తుండగా చేశావా, ఫైళ్ళు పాడైపోయే ప్రమాదం ఉంది. ముందు బ్యాకప్ తీసి, ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్వీస్ ఆపు. తర్వాత అజూర్ పోర్టల్‌లో వీఎమ్ తెరిచి, డిస్క్స్‌లోకి వెళ్ళి, ఆ డిస్క్ వరుసలో హోస్ట్ క్యాషింగ్ మార్చి సేవ్ కొట్టు. ఏ డిస్క్ ఏ డ్రైవో లన్ నంబరు (ఆ డిస్క్ వీఎమ్‌కి తగిలిన స్థానం నంబరు) చూసి రెండుసార్లు సరిచూసుకో, ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే. డ్రైవ్ తిరిగి కనిపించాకే సర్వీస్ మొదలుపెట్టు. లైనక్స్ మెషీన్లయితే సర్వీస్ ఆపి, అన్‌మౌంట్ చేసి (డిస్క్‌ని సిస్టమ్ నుంచి విడదీసి) అప్పుడు మార్చు. తిరిగి తగిలాక డిస్క్ పేరు మారొచ్చు, అందుకని ఎఫ్‌స్టాబ్‌లో (డిస్కుల్ని మౌంట్ చేసే పట్టికలో) పేరు బదులు యూయూఐడీ, అంటే మారని గుర్తు, పెట్టుకో.

4 టీబీ, ఆ పైన ఉన్న డిస్కులకి క్యాష్ పనిచేయదు. 4,095 జీబీ దాకానే. అల్ట్రా డిస్క్, ప్రీమియం ఎస్‌ఎస్‌డీ వీ2 అనే రకాలకి అసలు లేదు.

మార్చిన వెంటనే వేగం చూసి నిరాశపడకు, క్యాష్ అప్పటికి ఖాళీగా ఉంటుంది. వీఎమ్‌ని డీఅలొకేట్ చేసి (ఆపి, ఆ సర్వర్‌ని వదిలేసి) మళ్ళీ లేపినా అంతే. పోర్టల్‌లోని మెట్రిక్స్‌లో (కొలతల గ్రాఫుల్లో) వీఎమ్ క్యాష్డ్, అన్‌క్యాష్డ్ బ్యాండ్‌విడ్త్ శాతాలు పెట్టుకుని, మార్పుకి ముందు రోజుతో అవే గంటలు పోల్చు. ఆ రెండు గ్రాఫులూ నాకు పంపు, వీఎమ్ సైజు పెంచాలో లేదో అప్పుడు చెబుతాను.

నీ
మూర్తి