కరివేపాకుకి ఆటో

పోరంకి,
ఆదివారం సాయంత్రం

చి. బుజ్జికి,

అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఎప్పుడూ ఆ మాట దానంతటదే కలం చివరికి వచ్చేస్తుంది, ఈసారి మాత్రం రాసే ముందు కాస్త ఆగాను. నాన్న రిపోర్టు వాట్సాప్‌లో పెట్టాను, చూసే ఉంటావు. మూడు నెలల సగటు షుగర్ 6.4 ఉండేది కాస్తా 7.6 అయి కూర్చుంది. నా సంగతి వీడియో కాల్‌లో నువ్వే అన్నావుగా, "అమ్మా, బుగ్గలొచ్చాయే" అని.

నువ్వు పంపిన డైట్ చార్ట్ రంగుల ప్రింటు తీయించి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఉదయం అరగంట నడక, పదకొండింటికి జామకాయ, మధ్యాహ్నం కంచంలో సగం కూరలు, రోజూ ఒక ఆకుకూర. బాగుంది. పన్నెండు రోజులు బుద్ధిగా చేశాం. పదమూడో రోజు ఇంట్లో ఆకుకూర లేదు, జామకాయా లేదు. ఆ రోజే నువ్వు ఫోన్ చేసి "కాస్త నోరు కట్టుకోవాలమ్మా" అన్నావు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లు ఏఎన్ఎం నర్సుగా బెజవాడ సందులన్నీ తిరిగి, అదే మాట నేను కొన్ని వేల మందితో అని ఉంటాను. వాళ్లంతా తలూపేవాళ్లు. ఇప్పుడు నేనూ తలూపాను. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డం పడతావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

సత్యనారాయణపురంలో మనం ఇరవై రెండేళ్లు అద్దెకున్నాం. ఆ ఇంట్లో నాకు వంటిల్లు ఇరుకు, బాత్రూం బయట, ఎండాకాలం రేకుల వరండా పెనంలా కాలేది. అవేవీ మర్చిపోలేదు. కానీ పొద్దున్న ఏడయ్యేసరికి ఆకుకూరలమ్మ గుమ్మం ముందు గంప దించేది. తోటకూర, చుక్కకూర, బచ్చలి, గోంగూర. ఏది తాజాగా ఉంటే అదే ఆ రోజు కూర. కరివేపాకు కొసరు, దానికి ఎప్పుడూ డబ్బులిచ్చింది లేదు. పాలు, మందుల షాపు, గుడి, టైలరు, మీ పిన్ని ఇల్లు అన్నీ కాలి దూరమే. నాన్నయితే ఆదివారం పూట గాంధీనగర్ దాకా నడిచి వెళ్లి బాబాయ్ హోటల్లో వెన్నముద్ద వేసిన ఇడ్లీ తిని, మళ్లీ నడిచి వచ్చేవారు. వెన్న వెన్నే అనుకో. కానీ దాని కోసం రానూ పోనూ నడక ఉండేది.

ఇక్కడ ఈ పోరంకి ఫ్లాట్‌లో లిఫ్టు ఉంది, ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు వస్తాయి, బాల్కనీలోంచి అరటి తోటలు కనిపిస్తాయి. నువ్వూ అల్లుడూ లోను పెట్టి కొన్నారు, దానికి నేను వంక పెట్టడం లేదు. కానీ గేటు నుంచి బందరు రోడ్డు దాకా అరకిలోమీటరు. ఫుట్‌పాత్ లేదు, చెట్టు నీడ లేదు, రాత్రయితే కుక్కలు. రోడ్డెక్కాక అది నేషనల్ హైవే. అవతలి పక్కకి దాటాలంటే లారీలు ఆగేదాకా కొంగు బిగించి నిలబడాలి. మొన్న పులిహోర తాలింపు పెట్టబోతే కరివేపాకు లేదు. ఆటోకి నలభై ఇచ్చి వెళ్లి, పది రూపాయల కరివేపాకు తెచ్చాను. నాన్న ఇప్పటికీ "యాభై రూపాయల పులిహోర" అని ఏడిపిస్తున్నారు.

చార్ట్ ఎందుకు సాగలేదో చెబుతాను విను. ఆటో ఖర్చు చూసుకుని మొన్నటిదాకా వారానికి ఒక్కసారే కూరలు తెచ్చేవాళ్లం. వారం రోజులు ఫ్రిజ్‌లో ఉండేవి ఏంటి? బంగాళదుంప, దొండకాయ, క్యాబేజీ, ఉల్లిపాయలు. ఆకుకూర మూడో రోజుకే వడిలి నల్లబడుతుంది. గురువారం వచ్చేసరికి బంగాళదుంప వేపుడు తప్ప గతి ఉండేది కాదు. ఆ వేపుడు నా నోరు కోరుకున్నది కాదే తల్లీ, అంగడి దూరంగా ఉండి పెట్టింది. నువ్వు కొనిచ్చిన వాచీ చూడు, పాత ఇంట్లో చివరి నెల రోజుకి ఏడు వేల అడుగులు, ఇక్కడ రెండు వేల మూడొందలు. నేనేమీ బద్ధకించలేదు. వెళ్లాల్సిన చోటు లేదు, అంతే. క్లబ్‌హౌస్‌లో జిమ్ము ఉంది కదా అంటావు. ఉంది. ట్రెడ్‌మిల్ మీద ఎవరివో దుప్పట్లు ఆరేసి ఉంటాయి.

దగ్గరగా ఉన్నవి మాత్రం భలే దగ్గరగా ఉన్నాయి. గేటు ఎదురుగా బేకరీ, దాని పక్కన నూడుల్స్ బండి, బిర్యానీ పాయింటు, బస్టాప్ దగ్గర పునుగుల బండి. అదీ కాకపోతే ఫోన్లోంచే తెప్పించుకోవచ్చు. ఒక శనివారం రాత్రి కాలక్షేపానికి వాచ్‌మన్ దగ్గర కూర్చుని రిజిస్టర్ చూశాను. ఏడు నుంచి పది లోపల డెలివరీ పిల్లల సంతకాలు ముప్పై ఒకటి. అరవై ఫ్లాట్లకి!

ఇది మన ఒక్కింటి గోల అయితే ఉత్తరం రాసేదాన్ని కాదు. ముప్పై ఏళ్లు దాటిన వాళ్లందరికీ బీపీ, షుగర్ చూసే సర్వేలో నేను టేపు పట్టుకుని ఎన్ని నడుములు కొలిచానో. మన వాళ్లకి బీఎంఐ, అదే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 23 దాటితే చాలు ఎక్కువ బరువు కిందే, ఆడవాళ్ల నడుం 80 సెంటీమీటర్లు దాటకూడదు, నీకు నేను చెప్పాలా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25 గీత పెట్టుకుని చూస్తేనే మన రాష్ట్రంలో నూటికి 36 మంది ఆడవాళ్లు ఎక్కువ బరువు, దేశం మొత్తం మీద 24. అదే సర్వేలో మన ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువ మందికి రక్తం తక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో చూసినదాన్ని నేను. నడుం 94, హిమోగ్లోబిన్ 8. ఒళ్లుంది, రక్తం లేదు. మొదట్లో ఇదేంటని ఆశ్చర్యపోయేదాన్ని. తర్వాత ఆ మనిషి ఇంట్లోకి కాదు, ఆ ఇంటి చుట్టూ చూడటం నేర్చుకున్నాను.

సింగ్ నగర్ లోపలి సందుల్లో ఒక కిళ్లీ బడ్డీ ఉండేది. చిప్స్, కుర్‌కురే ప్యాకెట్లు పూలదండలా పై నుంచి కిందికి వేలాడేసేవాడు. దండ చివర సరిగ్గా మూడేళ్ల పిల్ల చెయ్యి అందేంత ఎత్తులో ఉండేది. ఆ ఎత్తు కావాలనే పెట్టాడా అని అడిగితే నవ్వాడు. ఐదు రూపాయలు, పది రూపాయలు. పాడవవు, కడగక్కర్లేదు, వండక్కర్లేదు. తల్లి బట్టల షాపులో పని చేసి రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరుతుంది. అప్పటికి ఏ తోపుడు బండీ ఉండదు, కర్రీ పాయింట్ ఉంటుంది. అన్నం వండుకుని, నూనె తేలే కూర ఒక కవరు, పప్పు ఒక కవరు తెచ్చుకుంటుంది. ఆమెతో నేను "ఆకుకూరలు తినమ్మా" అంటే ఆమె "సరే మేడం" అనేది. ఇద్దరికీ తెలుసు అది ఉత్తుత్తి మాటని.

బడుల సంగతీ అంతే. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020లో కేంద్రం నిబంధన తెచ్చింది. మంచి నిబంధన. ఒకసారి ఒక బడి ముందు నేనే అడుగులేసి కొలిచాను. బజ్జీల బాండీ పన్నెండు అడుగుల్లో వచ్చింది. ఆ నూనె ఎన్ని రోజులుగా కాగుతోందో, బాండీ అంచున తారులా గడ్డకట్టి ఉంది. ఆ బండి అతన్ని తిట్టడానికీ మనసు రాలేదు. అతను నిలబడటానికి ఆ ఊళ్లో ఇంకో చోటు ఉంటే కదా.

నువ్వు పీజీ చదివేటప్పుడు సెలవుల్లో వచ్చి నాన్నకి లండన్ బస్సుల కథ చెప్పావు, గుర్తుందా? 1953లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు, సీట్లో కూర్చునే డ్రైవర్ల కంటే డబుల్ డెక్కర్ మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువని తేల్చాడని. తనూ కండక్టరే కదా, ఆ రాత్రంతా మీ నాన్న కాలరెగరేశారు. "మా పల్లెవెలుగుకి మెట్లు లేకపోతేనేం, పెళ్లిళ్ల సీజన్లో ఆ జనంలోంచి టికెట్లు కొట్టుకుంటూ వెనక సీటు దాకా వెళ్లడం కొండెక్కడం కాదా" అని. తర్వాత నువ్వే గాలి తీసేశావు. మోరిస్ వాళ్లే యూనిఫాం ప్యాంట్ల కొలతలు తిరగేస్తే, డ్రైవర్ల నడుములు ఉద్యోగంలో చేరిన రోజునే కాస్త పెద్దవని తెలిసిందట. మరి కూర్చోవడం వల్ల లావయ్యారా, లావుగా ఉన్నవాళ్లే కూర్చునే పనిలో చేరారా?

పేటల గురించి కూడా అదే అనుమానం కదా. వీధి మనిషిని మారుస్తుందా, అలాంటి మనుషులే ఆ వీధిలో చేరతారా? దానికీ నువ్వే చెప్పావు, అమెరికా లాటరీ కథ. 1994 నుంచి 1998 దాకా బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్‌లలో ప్రభుత్వ ఇళ్లలో ఉండే పేద కుటుంబాలకి చీటీలు తీశారు. కొందరికి పేదరికం తక్కువున్న పేటల్లోనే చెల్లే అద్దె కూపన్లు వచ్చాయి, కొందరికి ఏమీ రాలేదు. చీటీ కాబట్టి, ఎవరెక్కడికి వెళ్లే అవకాశం వచ్చిందో అది వాళ్ల గుణాన్ని బట్టి కాదు. పదేళ్లు దాటాక సుమారు 4,500 మంది ఆడవాళ్ల మీద చూస్తే, ఆ కూపన్లు వచ్చిన వాళ్లలో మరీ ఎక్కువ ఊబకాయం వందకి నలుగురికి పైగా తక్కువ, షుగరూ దాదాపు అంతే తక్కువ. వాళ్లకి ఎవరూ డైట్ చార్ట్ ఇవ్వలేదు బుజ్జీ. ఇల్లు మారింది, అంతే.

అయితే మారిన పేటలో ఏది పనిచేసిందో ఆ లెక్కలు విడదీసి చెప్పలేదు. నడకా, అంగళ్లా, రాత్రిపూట భయం లేకపోవడమా? కొట్లు లేని పేటల్లో సూపర్ మార్కెట్ తెరిచి చూస్తే జనం కొనేది పెద్దగా మారలేదని కూడా నువ్వే అన్నావు. నాకది వింతగా అనిపించలేదు. మా గేటు పక్కనా ఒక సూపర్ మార్కెట్ ఉంది. తలుపు తీయగానే బిస్కెట్లు, కూల్‌డ్రింకులు. కూరలు ఎక్కడో చివర, ప్లాస్టిక్ చుట్టి, ఆకుకూర అయితే ఉన్నట్టూ లేనట్టూ. కొట్టు ఉండటం ఒకటి, రాత్రి తొమ్మిదిన్నరకి ఓపిక ఉండటం ఇంకొకటి.

నా తప్పు అసలు లేదనను. రాత్రి సీరియల్ చూస్తూ మిక్చర్ డబ్బా ఒళ్లో పెట్టుకుంటున్నాను. పాత ఇంట్లో ఆ టైముకి అరుగు మీద పక్కింటి వాళ్లతో కబుర్లుండేవి. ఇక్కడ అరుగు లేదు, డబ్బా ఉంది.

ఊరికే కూర్చోలేదులే. పాత ఆకుకూరలమ్మ చెల్లెలు యనమలకుదురులో ఉంటుందని తెలిసి, మంగళ, శుక్రవారాలు ఇక్కడికి రమ్మని బతిమాలాను. మొదటి వారం పదింటికల్లా గంప ఖాళీ. ఫ్లాట్ల ఆడవాళ్లు లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద దిగొచ్చారంటే నమ్ము. మూడో వారం అసోసియేషన్ వాళ్లు లోపల అమ్మకాలు కుదరవన్నారు, చెత్త పడుతుందట. ఇప్పుడు గేటు బయట కూర్చుంటోంది. ఎండ పదింటికే మండిపోతోంది, ఆమెకి గొడుగు కొందామని పదిమందిమి తలా వంద వేసుకున్నాం. మేలో ఏమవుతుందో చూడాలి.

నాన్నకి పాస్ ఉంది కాబట్టి బస్సులో పటమట రైతు బజారుకి వెళ్తున్నారు. వారానికి ఒక్కసారి కాకుండా మూడుసార్లు, కొద్దికొద్దిగా తెమ్మన్నాను. గేటు దాకా నడక, బజార్లో తిరుగుడు, మళ్లీ గేటు నుంచి నడక. ఆయన వాచీలో నాలుగు వేలు దాటుతోంది. నీ చార్ట్ ఆయనకి అలా అనుకోకుండా నెరవేరుతోంది.

నువ్వు మాత్రం నాకో పని చేసి పెట్టు. చార్ట్‌లో "రోజూ ఆకుకూర" కొట్టేసి, నాన్న తెచ్చినవి ఏ రోజుకి ఏవి వాడాలో వారం వరసగా రాసి పంపు, వడిలేవి ముందు, దుంపలు చివర. హైదరాబాద్‌లో నీ దగ్గరికొచ్చే వాళ్లని కూడా ఏం తింటున్నారని అడిగే ముందు, ఇంటికి ఎన్నింటికి చేరతారు, దార్లో ఏమేం కనిపిస్తాయి అని అడిగి చూడు. ఒక్క నెల చూసి నాకు చెప్పు.

గేటు చప్పుడైంది, నాన్న వచ్చినట్టున్నారు. సంచిలోంచి చుక్కకూర తొంగి చూస్తోంది. చేతిలో ఇంకో పేపరు పొట్లం కూడా ఉంది, అడుగున నూనె మరక. ఏంటది అంటే, "బస్సు దిగంగానే ఎదురుగా పునుగులు వేస్తున్నాడే, నన్నేం చెయ్యమంటావు" అంటున్నారు.

ఉంటాను,
అమ్మ